తెనాలి చుట్టుపక్కల తాగుడు మానేవాళ్ళ మీటింగులు ఎక్కడ జరుగుతాయి? తెలుగులో ఉంటాయా?

మిల్లులెక్కలు
మంగళవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు, తెనాలి దగ్గర పల్లెలో ఉంటాను, రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రోజూ తాగుతాను. మొదట్లో సాయంత్రం ఒక క్వార్టర్‌తో సరిపోయేది, ఇప్పుడు పొద్దున్నే కొంచెం పడితే గానీ పెన్ను పట్టుకున్న చెయ్యి నిలవడం లేదు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను, మండలం రోజులూ చుక్క ముట్టను, కొండకెళ్ళి వచ్చి మాల తీసిన వారంలోపే మళ్ళీ మొదలు. స్వామి పేరు చెప్పి అన్ని రోజులు ఉండగలిగినవాడివి మామూలు రోజుల్లో ఎందుకు ఉండలేవని మా ఆవిడ అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు.

ఏఏ అని, ఆల్కహాలిక్స్ అనానిమస్ అని ఒకటుందని విన్నాను. నెట్‌లో చూస్తే హైదరాబాద్, బెంగళూరు అడ్రసులు వస్తున్నాయి, కొన్ని ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు తెలియాల్సినవి ఇవి. మాకు దగ్గర్లో మీటింగు ఉంటుందా, తెలుగులో మాట్లాడతారా, డబ్బు ఎంత కట్టాలి, చాలా అడ్రసులు చర్చి హాలు అని ఉన్నాయి కాబట్టి మతానికి సంబంధించిందా, తెలిసినవాళ్ళు ఎవరైనా అక్కడ కనబడితే ఏం చెయ్యాలి. మా ఆవిడను వెంట తీసుకెళ్ళొచ్చా? ఈసారి మాల వేసుకునే రోజున మానేసి, ఇక అటునుంచి అటే మీటింగులకు వెళ్ళాలని నా ఆలోచన.


పాతబెజవాడ
బుధవారం, ఉదయం 5:50

తమ్ముడూ, నేనూ ఏఏ సభ్యుడినే, విజయవాడ. తాగి చాలా ఏళ్ళయింది. నువ్వు అడిగినవాటికి నాకు తెలిసినంత చెబుతాను.

డబ్బు ఏమీ కట్టక్కర్లేదు. మీటింగు చివర్లో ఒక సంచి గానీ డబ్బా గానీ తిప్పుతారు, సభ్యులు తోచింది వేస్తారు, గది అద్దెకీ టీకీ పుస్తకాలకీ సరిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. బయటివాళ్ళ దగ్గర విరాళం తీసుకోకూడదని మా సంప్రదాయం. కాబట్టి ఏఏ పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే అది ఏఏ కాదని తెలుసుకో. చేరడానికి ఫారం లేదు, ఆధార్ అడగరు, హాజరు వెయ్యరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు.

చర్చి సంగతి. గది చవగ్గా దొరికేది అక్కడ, స్కూళ్ళలో, కమ్యూనిటీ హాళ్ళలో, అందుకని అక్కడ జరుగుతాయి. చర్చివాళ్ళకీ మాకూ అద్దె సంబంధమే. మా గ్రూపులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళు ఉన్నారు. నువ్వు మాలలోనే రావచ్చు, మా దగ్గరికి స్వాములు వస్తుంటారు.

మీటింగుల జాబితా ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్ళవారీగా ఉంటుంది. అయితే ఆ జాబితాను నమ్మి నేరుగా బయల్దేరకు. గ్రూపు గది మారుతుంది, వారం మారుతుంది, ఒక్కోసారి గ్రూపే మూతపడుతుంది, వెబ్‌సైట్‌లో మాత్రం పాత అడ్రసే ఉండిపోతుంది. మొదటిసారే తాళం వేసిన గేటు చూసి వెనక్కి తిరిగిన మనిషి మళ్ళీ రాడు. అందుకే ముందు ఆ ప్రాంతం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. ఎత్తేది మాలాంటి సభ్యుడే, తెలుగులోనే మాట్లాడతాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గేటు, తెలుగు మీటింగా కాదా, అన్నీ అడుగు. ఒక్కడివే రావడం మొహమాటంగా ఉందంటే ఇద్దరు సభ్యులు వచ్చి నిన్ను కలుస్తారు. సభ్యుణ్ణి ఒక్కణ్ణే పంపం, ఇద్దరే వస్తారు, అది మా పద్ధతి. తెనాలి నుంచి గుంటూరు అయినా విజయవాడ అయినా రైలుకి పెద్ద దూరం కాదు, సాయంత్రం మీటింగుకి వచ్చి రాత్రికి ఇంటికి చేరొచ్చు.


మేల్_వార్డు_సిస్టర్
బుధవారం, ఉదయం 7:35

మిల్లులెక్కలు అన్నయ్యా, మీటింగు కంటే ముందు ఒక విషయం. పొద్దున తాగకపోతే చెయ్యి వణుకుతోంది అన్నారు చూశారా, అలా ఉన్న మనిషి ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. నేను గవర్నమెంటు ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డులో పనిచేస్తాను. మాలల సీజన్ మొదలవగానే మాకు ఇలాంటి కేసులు వస్తాయి. మాల వేసుకున్న రోజున ఆపేస్తారు, రెండో రోజు ఫిట్స్‌తో తీసుకొస్తారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనో, దీక్షలో తప్పు జరిగిందనో అనుకుని ఒక రోజు ఆలస్యం చేస్తారు కూడా.

చివరిసారి తాగిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య. రెండు నుంచి నాలుగు రోజుల్లో కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండె దడ. దాన్ని డెలీరియం అంటారు, ప్రాణం పోయే పరిస్థితి అది. డాక్టరు దగ్గరికి ముందే వెళితే క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువగా ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు, థయామిన్ అంటే బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పడితే వణుకు చాలావరకు తగ్గి దాటిపోతుంది. ఆ మాత్రలు మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి, వాటి మీద తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

గుంటూరు గవర్నమెంటు జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీలో చూపించుకోవచ్చు. రోజూ ఎంత తాగుతున్నారో నిజం చెప్పండి. చాలామంది సగం చెబుతారు, మందు మోతాదు దాన్ని బట్టే ఉంటుంది కాబట్టి నష్టం మీకే. ఎటు వెళ్ళాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలిమానస్ అనే గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి ప్రత్యేకంగా 14446 కూడా ఉంది, దగ్గర్లో ఉన్న కేంద్రం ఏదో చెబుతారు.


పాతబెజవాడ
బుధవారం, ఉదయం 8:10

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. ఏఏ ఆసుపత్రి కాదు, మేం మందులు ఇవ్వం, డాక్టరు ఇచ్చిన మందులు మానమనీ చెప్పం. ముందు ఒంట్లోంచి దిగాలి, అది డాక్టరు పని. దిగిన తర్వాత మళ్ళీ ఎక్కకుండా ఉండటానికి మీటింగు. తమ్ముడూ, మాల రోజు వరకు ఆగకు, ఈ వారమే డాక్టరును చూడు. తాగి ఉన్నా మీటింగుకి రావచ్చు, గొడవ చెయ్యకుండా వెనక కూర్చుని వింటే చాలు, ఎవరూ పొమ్మనరు.


సిరివాళ్ళమ్మ
బుధవారం, మధ్యాహ్నం 2:05

మీ ఆవిడ గురించి అడిగారు కదా అన్నయ్యగారూ, దానికి నేను చెబుతాను. మావారు ఏఏకి వెళ్ళకముందే నేను అల్-అనాన్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. అది తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం, భార్యలు, తల్లులు, అన్నదమ్ములు, పెద్ద పిల్లలు. ఏఏ మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన భార్యే 1951లో అమెరికాలో దీన్ని నిలబెట్టింది. ఆమె కూడా మనలాగే భర్త ఎప్పుడొస్తాడా అని కిటికీ దగ్గర కూర్చున్న మనిషే.

ఏఏలో ఓపెన్ మీటింగ్ అని ఉంటుంది, దానికి ఎవరైనా వెళ్ళొచ్చు, భార్యాభర్తలు కలిసి వెళ్ళొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ మాత్రం తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఫోన్ చేసినప్పుడు ఆ మాట అడగండి. లేదంటే మీ ఆవిడ బయట వరండాలో గంటన్నర కూర్చోవాల్సి వస్తుంది, నేను కూర్చున్నాను.

మీ ఆవిడకి ఈ మాట చెప్పండి. స్వామికి భయపడి మానావు నా కోసం మానలేవా అని నేనూ అడిగేదాన్ని, ఆ ప్రశ్న వెయ్యడం అల్-అనాన్‌కి వెళ్ళాక తగ్గింది. సీసాలు వెతకడం, బీరువా తాళాలు దాచడం, జీతం రోజున ఆఫీసు గేటు దగ్గర నిలబడటం, ఆయన తాగి పడుకుంటే జ్వరమని మేనేజరుకి ఫోన్ చెయ్యడం, ఇవన్నీ నేనే చేసేదాన్ని, వీటిలో ఏ ఒక్కటీ ఆయన తాగుడును ఆపలేదు. నా నిద్ర మాత్రం పోయింది. అక్కడ నేర్పింది ఏంటంటే, దీన్ని నేను తెప్పించలేదు, నేను అదుపు చెయ్యలేను, నేను నయం చెయ్యలేను. ఈ మూడూ ఒంటబట్టడానికి చాలాకాలం పట్టింది. కొడుతుంటే ఓర్చుకోమని మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. అలాంటి ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్ళు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి.

అల్-అనాన్ గ్రూపులు ఏఏ అంత ఎక్కువగా లేవు. చిన్న ఊళ్ళవాళ్ళు ఆన్‌లైన్ మీటింగు చూసుకోవడమే మేలు.


నల్గొండ_రైతుబిడ్డ
బుధవారం, రాత్రి 9:15

ఈ మీటింగులూ గీటింగులూ మా ఊరి దాకా రావు. మా నాన్నకి ఒకాయన పొడి ఇచ్చిండు, అన్నంల కలిపి పెట్టుమన్నడు, చెప్పకుండ. వారంల మానేస్తడన్నడు. అమ్మ కలుపుదామంటుంది. ఎవరన్నా వాడిన్రా, పనిచేస్తదా?


మేల్_వార్డు_సిస్టర్
బుధవారం, రాత్రి 9:40

తమ్ముడూ, దయచేసి కలపొద్దు. మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పు.

ఆ పొడుల్లో చాలావాటిలో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. డైసల్ఫిరామ్ అనే మాత్రను పొడి చేసి కలిపి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. అది డాక్టర్లు వాడే మందే, కాదనను, కానీ అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు చనిపోవచ్చు. మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ పరీక్షలు చేసి ఇస్తారు, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు కూడా తాగొద్దని చెబుతారు. మీ నాన్నకి తెలియకుండా పెడితే ఆయన సాయంత్రం మామూలుగానే తాగుతాడు, అప్పుడు జరిగేది మీ ఇంట్లో జరుగుతుంది. తాగాలన్న కోరిక తగ్గించే మందులు వేరే ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని. ఏది సరిపడుతుందో డాక్టరు చూసి చెబుతారు. నల్గొండ గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళు, మీ నాన్న రానంటే ముందు నువ్వొక్కడివే 14416కి మాట్లాడు, ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడతారు.


గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
బుధవారం, రాత్రి 11:55

ఈ చర్చలో అందరూ అన్నలు, తమ్ముళ్ళు, నాన్నలు. తాగేది మగవాళ్ళే అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నేను ఆడదాన్ని, నాకు ముప్పై రెండు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండేళ్ళ నుంచి ఏఏలో ఉన్నాను.

మొదటి మీటింగుకి వెళ్తే గదినిండా మగవాళ్ళు, అందరూ మా నాన్న వయసువాళ్ళు. తలుపు దగ్గర ఒక పెద్దాయన ఎవరి కోసం వచ్చావమ్మా, మీ ఆయన కోసమా అని అడిగాడు. తప్పుగా అడగలేదు, అలవాటు అంతే, కానీ నేను నా కోసమే అని చెప్పడానికి గొంతు రాలేదు. ఆయన వెంటనే ఒక ఆవిడకి ఫోన్ కలిపి ఇచ్చాడు, ఆవిడ ఆ రాత్రి నాతో చాలాసేపు మాట్లాడింది, తర్వాత ఆవిడే నా స్పాన్సర్ అయింది. స్పాన్సర్ అంటే మనకంటే ముందు మానిన సభ్యురాలు, తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లు మనతో పాటు నడిపిస్తుంది, తాగాలనిపించినప్పుడు మొదట ఫోన్ చెయ్యాల్సింది ఆమెకే. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే, మగవాళ్ళకి మగవాళ్ళే స్పాన్సర్‌గా ఉండాలనేది మంచి పద్ధతి, ఎవరైనా మగ సభ్యుడు నేను చూసుకుంటా అని ముందుకొస్తే మర్యాదగా వద్దనండి. ఆడవాళ్ళ ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి, కెమెరా ఆపేసి, పేరు మార్చుకుని వినొచ్చు. 2020లో కరోనాకి మీటింగులు జూమ్‌లోకి వచ్చాక నాలాంటివాళ్ళకి దారి దొరికింది. హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడం మొదలుపెట్టి, తర్వాత ధైర్యం వచ్చి గదికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు.


హేతువాది_ఒంగోలు
గురువారం, ఉదయం 10:30

నేను ఏఏలో కొన్నాళ్ళు ఉండి బయటికి వచ్చినవాణ్ణి, ఇప్పుడు తాగను, కౌన్సెలింగ్‌తో మానాను. పాతబెజవాడ గారంటే గౌరవమే గానీ మతం లేదు అనేయడం పూర్తి నిజం కాదు. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన పదేపదే ఉంది, మీటింగు ప్రార్థనతో ముగుస్తుంది. ‘మేం అర్థం చేసుకున్న దేవుడు’ అని వెసులుబాటు ఇచ్చారు, నిజమే, కానీ నమ్మకం లేని మనిషికి ఆ గదిలో ఇబ్బందిగా ఉంటుంది. నాకు ఉండింది. ఈ ఇబ్బందిని ముందే చెప్పకపోతే మనిషి ఒక్కరోజు వచ్చి, నాకు సరిపడదనుకుని, ఇక దారే లేదనుకుంటాడు.

స్మార్ట్ రికవరీ అని ఇంకొక పద్ధతి ఉంది, 1994లో మొదలైంది, దేవుడి మాట ఉండదు, ఆలోచనల మీద, కోరిక పుట్టినప్పుడు ఏం చెయ్యాలన్న దాని మీద పని చేయిస్తారు. మన ఊళ్ళలో గదుల్లో జరగడం అరుదు, ఆన్‌లైన్‌లో చేరాలి, ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. అది వాళ్ళ లోటు, ఒప్పుకుంటాను.


పాతబెజవాడ
గురువారం, మధ్యాహ్నం 1:15

మీరు చెప్పింది సరైన మాటే, నేను ఆ సంగతి రాయాల్సింది. ప్రార్థన ఉంటుంది. మా గ్రూపులో దేవుణ్ణి నమ్మని ఆయన ఒకరు ఆ సమయంలో ఊరికే నిలబడతాడు, పెదవి కదపడు. గ్రూపే నా కన్నా పెద్ద శక్తి, నాకది చాలు అంటాడు. ఇప్పుడు మా కోశాధికారి ఆయనే. అలా అందరికీ కుదరాలని లేదు.


వార్తలుచదివేవాడు
గురువారం, మధ్యాహ్నం 3:50

మీటింగులు నిజంగా పనిచేస్తాయా అని ఎవరూ అడగలేదు, నాకు ఆసక్తి ఉండి చదివాను కాబట్టి చెబుతాను. 2020లో వైద్య అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ ఒక పెద్ద సమీక్ష వేసింది, 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషులు. ఏఏ వైపు పద్ధతి ప్రకారం నడిపించినవాళ్ళలో పూర్తిగా మానేసి ఉండిపోయినవాళ్ళు మిగతా చికిత్సల కంటే ఎక్కువగా తేలారు. తాగుడు తగ్గించుకోవడం లాంటి మిగతా విషయాల్లో కౌన్సెలింగ్‌కీ దీనికీ పెద్ద తేడా కనబడలేదు. అంటే హేతువాది గారూ, మీ దారీ దారే, ఆయన దారీ దారే.

నన్ను ఎక్కువ బాధపెట్టిన లెక్క ఇంకొకటి. కేంద్రప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో, తాగుడుకి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు. మిగతా 37 మంది ఏ తలుపూ తట్టలేదు, లేదా తట్టడానికి తలుపు లేదు. వైన్ షాపు ఎక్కడుందో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, బెల్టు షాపు ప్రతి పల్లెలో ఉంది, మీటింగు ఎక్కడో తెలుసుకోవడానికి ఇన్ని పోస్టులు రాయాల్సి వస్తోంది.


దూబగుంట_పక్కూరు
గురువారం, సాయంత్రం 6:25

నెల్లూరు జిల్లాలో మా అమ్మ తరం ఆడవాళ్ళు 1992లో సారా కొట్లు మూయించారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధం వచ్చాయి, 1997లో ఎత్తేశారు. ఆ పోరాటం అంటే నాకు చాలా గర్వం. కానీ అప్పుడు కొట్టు మూశారు గానీ తాగుడుకి అలవాటుపడిన ఒంటికి వైద్యం ఎక్కడా పెట్టలేదు, మా పెదనాన్న నాటుసారా కోసం రాత్రిళ్ళు ఎక్కడెక్కడికో నడిచి వెళ్ళేవాడు. కొట్టు మూయడంతో పాటు ప్రతి మండలంలో ఒక గది తెరిచి ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు బతికేవాడని నాకు గట్టిగా అనిపిస్తుంది.


డాలస్_గుంటూరోడు
శుక్రవారం, ఉదయం 6:10

అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం రెండు మాటలు. ఇక్కడ మీటింగ్ గైడ్ అని ఏఏ వాళ్ళ సొంత యాప్ ఉంది, మీరున్న చోటు చూసి దగ్గర్లో ఏ గంటకి ఏ మీటింగు ఉందో చూపిస్తుంది. పెద్ద ఊళ్ళలో పొద్దున ఆరింటికి కూడా ఉంటాయి, ఆఫీసుకి ముందే వెళ్ళి రావచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనొక్కణ్ణే ఇండియన్, అయినా ఎవరూ వింతగా చూడలేదు.

మనవాళ్ళలో చాలామంది తాగి నడిపి పోలీసులకు దొరికాకే మీటింగు ముఖం చూస్తారు, కోర్టు పంపిస్తుంది, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి అరెస్టు అయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దయినట్టు మెయిల్ రావచ్చు. అప్పటిదాకా ఆగకండి. ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తాం గానీ గుండెలో మాట ఇంగ్లీషులో రాదు, అది నాకు బాగా తెలిసింది. అందుకే వారంలో ఒకరోజు ఇండియా నుంచి జరిగే తెలుగు ఆన్‌లైన్ మీటింగులో కూర్చుంటాను.


వరంగల్_అన్న
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

మా తమ్ముడిని మీటింగుకి రమ్మంటే రాడు. ఒక ప్రైవేటు సెంటరువాళ్ళు మనుషులను పంపించి ఎత్తుకెళ్తామన్నారు, ఆరు నెలలు పెట్టుకుంటారంట. ఇంతకుముందు ఇలాంటి సెంటర్లోనే మా బావమరిదిని కట్టేసి కొట్టారు. అందుకే భయం.


మేల్_వార్డు_సిస్టర్
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

భయపడటమే మంచిది అన్నా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కిందికి మద్యం, మత్తు సమస్యలు కూడా వస్తాయి. ఏ సెంటరైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. గొలుసులతో కట్టెయ్యడం చట్టప్రకారం నిషేధం, సెక్షన్ 95. సైకియాట్రిస్ట్ ఎప్పుడెప్పుడు వస్తారు, రాత్రిపూట ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఇంట్లోవాళ్ళు ఎప్పుడు కలవొచ్చు, ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని చోట చేర్చొద్దు. మత్తు మాన్పించడానికి కేంద్రప్రభుత్వ సాయంతో నడిచే ఐఆర్‌సీఏ కేంద్రాలు ఉంటాయి, 14446లో అడిగితే చెబుతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో గవర్నమెంటు మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో మత్తు సమస్యలకి ప్రత్యేక విభాగమే ఉంది.

తమ్ముడు రాకపోతే మీరు వెళ్ళండి, ఓపెన్ మీటింగుకో అల్-అనాన్‌కో. ఇంట్లో ఒకరు వెళ్ళడం మొదలుపెడితే రెండోవాళ్ళు కదలడం చూశాను, ఎప్పుడూ జరుగుతుందని మాటివ్వలేను.


మిల్లులెక్కలు
తర్వాతి నెల, ఆదివారం, రాత్రి 10:05

అందరికీ దండాలు. చాలా రోజులు ఇటు రాలేదు, క్షమించండి. సిస్టర్ చెప్పినట్టు ముందు డాక్టరును చూశాను. తాగేది ఉన్నదున్నట్టు చెప్పాను, ఆయన నన్ను వార్డులోనే ఉంచారు. మా ఆవిడ, మా బావ పక్కన ఉన్నారు. వణుకు వచ్చింది గానీ ఫిట్స్ రాలేదు. ఇంటికొచ్చాక పాతబెజవాడ అన్న చెప్పినట్టు ఫోన్ చేసి అడిగి, విజయవాడలో తెలుగు మీటింగుకి వెళ్ళాను.

ఏం జరుగుతుందో నాలాగా తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి రెండు బ్యానర్లు, వాటి మీద పన్నెండు మెట్లు, పన్నెండు సంప్రదాయాలు. ఒకాయన ముందు కూర్చుని నడిపిస్తాడు. కాసేపు మౌనం, తర్వాత ఏఏ అంటే ఏమిటో ఒక పేరా చదివారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అని మొదలుపెట్టి మాట్లాడారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు, ప్రశ్న వెయ్యరు. నాకు అదే కొత్త. మన ఇళ్ళల్లో తాగుబోతు నోరు తెరిస్తే పదిమంది సలహా ఇస్తారు. నా వంతు వచ్చినప్పుడు ఈరోజు వింటాను అన్నాను, సరే అన్నారు, అంతే. ఒక లారీ డ్రైవరు మాట్లాడుతూ పొద్దున స్టీరింగ్ పట్టుకోవడానికి ముందు ఎంత పడాలో చెబుతుంటే నా పెన్ను గుర్తొచ్చింది. ఆయనా మాలల గురించే చెప్పాడు. దీక్షలో ఉన్నప్పుడు చుట్టూ స్వాములు, రెండు పూటలా పూజ, భిక్ష, పీఠం దగ్గర నిద్ర, ఒక్కడూ ఒంటరిగా ఉండడు, మాల తీశాక అవేవీ ఉండవు, నువ్వు ఒక్కడివే వైన్ షాపు ముందు నుంచి నడవాలి అన్నాడు. ఇంటికొచ్చి అదే మా ఆవిడకి చెప్పాను.

తెలిసినవాళ్ళు కనబడతారేమో అన్నాను కదా, కనబడ్డారు. మా మిల్లుకి ధాన్యం తోలే ఆయన. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. మీటింగయ్యాక ఆయనే వచ్చి చెయ్యి పట్టుకుని, ఇక్కడ చూసింది ఇక్కడే తమ్ముడూ అన్నాడు. ఇప్పుడు ఇద్దరం ఒకే రైలుకి వస్తున్నాం. తాగాలని రోజూ అనిపిస్తోంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య మరీ ఎక్కువ. ఈరోజు తాగలేదు.

ఒక సందేహం అన్నా. వారం మధ్యలో మిల్లు పని వల్ల విజయవాడ రావడం కుదరడం లేదు. తెనాలిలోనే ఒకటి పెట్టుకోవచ్చా? దానికి ఎవరి అనుమతి కావాలి? మేము ఇద్దరమే ఉన్నాం.


పాతబెజవాడ
సోమవారం, ఉదయం 5:40

చదివి సంతోషం పట్టలేకపోయాను తమ్ముడూ. ఇద్దరు చాలు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇది మొదలైంది కూడా ఇద్దరితోనే, ఒకాయన షేర్ల వ్యాపారంలో దెబ్బతిన్నవాడు, ఇంకొకాయన సర్జన్.

అనుమతి అక్కర్లేదు గానీ తొందరపడకు. నువ్వు ఇంకా కొత్త, మీ ఇద్దరికీ స్పాన్సర్లు కుదరాలి, పాతవాళ్ళు కొంతకాలం వచ్చి పక్కన కూర్చోవాలి. మేము నలుగురం వంతులేసుకుని బుధవారాలు వస్తాం. గది చూడు, స్కూలు గానీ లైబ్రరీ గానీ, రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే రాత్రి రైలు అందుతుంది. ఎవరి ఇంట్లోనూ వద్దు, ఇంట్లో పెడితే అది ఆ ఇంటాయన గ్రూపు అయిపోతుంది. ఊరికే ఇస్తామన్నా ఎంతో కొంత అద్దె కట్టండి. మిల్లు ఓనరు గారు సాయం చేస్తానంటే దండం పెట్టి వద్దను, గ్రూపు ఎవరికీ రుణపడకూడదు. గ్రూపు పేరులో పార్టీ, కులం, గుడి, ఆసుపత్రి ఏదీ ఉండకూడదు. రోజు, గంట ఖాయమయ్యాక హెల్ప్‌లైన్ చూసే మనవాళ్ళకి చెబుతాను, జాబితాలో ఎక్కిస్తారు. ఎక్కించాక ఎవరూ రాకపోయినా సరే, ఆ గంటకి గేటు తీసి మీ ఇద్దరిలో ఒకరు అక్కడ కూర్చోవాలి, సంక్రాంతికైనా, వానొచ్చినా. టీ ఫ్లాస్కు, తెలుగు పుస్తకాలు నేను తెస్తాను.


నల్గొండ_రైతుబిడ్డ
సోమవారం, ఉదయం 9:20

అక్కా, పొడి కలపలేదు. బయట పారేసినం. నాన్న ఆసుపత్రికి ఇంకా ఒప్పుకోలేదు. నేను 14416కి మాట్లాడిన, మంచిగనే చెప్పిన్రు. పాతబెజవాడ అన్నా, నల్గొండల తెలుగు మీటింగు ఏ రోజు ఉంటదో కనుక్కొని చెప్తారా, నేనొక్కన్నే అయినా వస్త.


పాతబెజవాడ
సోమవారం, ఉదయం 9:45

హైదరాబాద్ మిత్రులకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. ఇక్కడ నంబర్లు పెట్టకు, మెసేజ్‌లో పంపు.